రెండేళ్ళు ఆలస్యమైతే ఏమవుతుంది?

తెనాలి, బాపట్ల, రేపల్లె హాస్టళ్ళలో ఉండి డిగ్రీలో చేరేవారిలో, క్లాసులో అందరికంటే రెండు మూడేళ్ళు పెద్దవాళ్ళు కొందరు తప్పక ఉంటారు. పదో తరగతి తప్పి మళ్ళీ కట్టినవారు, నాన్న మంచం పడితే కూలికి వెళ్ళినవారు, అక్క పెళ్ళి అప్పు తీర్చినవారు. వీరిని తోటివారు "బాబాయ్" అని పిలుస్తారు. పిలిచేవారికి అది సరదా. వినేవారికి మాత్రం "నువ్వు ఇక్కడివాడివి కాదు" అన్నట్లు ఉంటుంది. ఆ ఒక్క మాట పడలేక దసరా సెలవులకు ఇంటికి వెళ్ళి తిరిగిరాని మిత్రులు నాకు తెలుసు. ఫీజు కట్టలేక కాదు, చదువు రాక కాదు, సిగ్గుతో మానేశారు. అందుకే ఈ నాలుగు మాటలు.

23 ఏళ్ళకు మెట్రిక్యులేషన్

తెనాలి మిత్రులకు త్రిపురనేని రామస్వామి చౌదరి గారి పేరు తెలిసే ఉంటుంది. 1887లో కృష్ణా జిల్లా అంగలూరులో రైతు కుటుంబంలో పుట్టారు. ఆయన మెట్రిక్యులేషన్ పాసయ్యేనాటికి 23 ఏళ్ళు. ఆ తర్వాత 1911లో బందరు నోబుల్ కాలేజీలో ఇంటర్‌లో చేరారు. 1914లో ఐర్లండు వెళ్ళి డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివారు. తెనాలిలో స్థిరపడి, 1925లో మున్సిపల్ చైర్మన్ అయ్యారు. శంబూకవధ, సూతపురాణం రాసిన కవిగా ఈనాటికీ ఆయనను తలుచుకుంటున్నాం. ఆయన ఏ వయసులో మెట్రిక్ పాసయ్యారని ఇప్పుడు ఎవరూ అడగరు.

బాబాసాహెబ్ అంబేద్కర్ గారి చదువు కూడా మధ్యలో ఆగింది. లండన్‌లో చదువుతుండగా బరోడా సంస్థానం స్కాలర్‌షిప్ గడువు అయిపోయి 1917లో తిరిగి వచ్చేశారు. బొంబాయిలో ప్రొఫెసరుగా పనిచేసి డబ్బు కూడబెట్టుకుని, 1920లో మళ్ళీ లండన్ వెళ్ళారు. అప్పటికి ఆయన వయసు 29. డి.ఎస్సీ. పట్టా 1923లో అందుకున్నారు.

రామస్వామి గారికి వెనుక భూమి ఉంది, మనకు లేదు కదా అని మీరు అనవచ్చు. నిజమే. అయితే మన వెనుక హాస్టల్ ఉంది. అమెరికాలో 1944లో చేసిన చట్టం ప్రకారం యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికులకు ప్రభుత్వమే ఫీజు, ఖర్చులు ఇచ్చింది. 1947లో అక్కడ కాలేజీల్లో చేరినవారిలో 49 శాతం వాళ్ళే. అన్నం, ఫీజు దొరికితే వయసు చదువుకు అడ్డం కాదని దీనివల్ల తెలుస్తున్నది.

వయసు లెక్క ఎక్కడ చూస్తారు?

వయసు గురించి భయపడేకంటే లెక్క తెలుసుకోవడం మంచిది.

1. మామూలు బి.ఏ., బి.కాం., బి.ఎస్సీ.లలో చేరడానికి 19, 20 ఏళ్ళ వయసు అడ్డు కాదు.

2. బాపట్ల వ్యవసాయ కళాశాల వంటి చోట బి.ఎస్సీ. అగ్రికల్చర్‌కు గరిష్ఠ వయసు 22, ఎస్సీ, ఎస్టీలకు 25. కోరిక ఉన్నవారు ఇంటర్‌లోనే ప్రవేశ ప్రకటన చూసుకోవాలి.

3. మెడిసిన్ నీట్ పరీక్షకు పై వయోపరిమితిని 2022లో తీసేశారు.

4. ఐ.ఐ.టి. ప్రవేశానికి ఇంటర్ మొదటిసారి రాసిన సంవత్సరం, ఆ మరుసటి సంవత్సరం మాత్రమే అవకాశం. అంటే పదో తరగతి తర్వాత ఆగినా నష్టం లేదు, ఇంటర్ తర్వాత ఆగితేనే నష్టం.

5. సివిల్ సర్వీసెస్‌కు ఎస్సీ, ఎస్టీలకు 37, బీసీలకు 35, మిగతావారికి 32 ఏళ్ళ వరకు రాయవచ్చు. 22కు డిగ్రీ అయినా ఎస్సీ, ఎస్టీ విద్యార్థికి 15 ఏళ్ళు మిగిలి ఉంటాయి.

కాగితాలు

మధ్యలో ఆగినవారికి అసలు ఇబ్బంది అడ్మిషన్ రోజున వస్తుంది. "ఈ రెండేళ్ళు ఏం చేశావు?" అని అడుగుతారు. పని చేశానని ధైర్యంగా చెప్పండి. గ్యాప్ సర్టిఫికెట్ అడిగితే నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించుకోవచ్చు. స్థానికత చూపడానికి స్టడీ సర్టిఫికెట్లలో ఖాళీ ఉంటే, ఆ సంవత్సరాలకు తహసీల్దారు గారి నుంచి నివాస ధ్రువపత్రం తీసుకోవాలి. ఇవి ముందే చేయించుకుంటే చివరి రోజున ఆఫీసుల చుట్టూ తిరిగే పని ఉండదు.

ఊళ్ళో ఇంకా చదువు ఆగిపోయిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉంటే ఓపెన్ స్కూల్ గురించి చెప్పండి. పదో తరగతికి 14, ఇంటర్‌కు 15 ఏళ్ళు నిండితే చాలు, పై వయోపరిమితి లేదు.

నా మాట

నేను పదో తరగతి తర్వాత రెండేళ్ళు రొయ్యల చెరువుల దగ్గర పనిచేశాను. డిగ్రీలో చేరేసరికి నాకు 19, పక్కనున్నవాళ్ళకు 17. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదటివాణ్ణి కనుక అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు. లెక్కల్లో, ఇంగ్లీషులో మొదటి రెండు నెలలు వెనకబడ్డాను. ఆ రెండేళ్ళలో మరిచిపోయినవి చిన్నవాళ్ళనే అడిగి నేర్చుకున్నాను. డబ్బు విలువ, తెల్లవారుజామున లేవడం మాత్రం నాకు ముందే వచ్చు. ఎకనామిక్స్‌లో కూలి రేటు పాఠం చెప్పినప్పుడు నాకు ఉదాహరణ వెతుక్కోవలసిన పని లేకపోయింది.

జూనియర్ మిత్రులారా, మీ గదిలో ఒక పెద్ద క్లాస్‌మేట్ ఉంటే "బాబాయ్" అనకండి, పేరుపెట్టి పిలవండి. పెద్దవారైన మిత్రులారా, ఒకసారి ఆగిన చదువును మీరే మళ్ళీ మొదలుపెట్టారు. అది చిన్న పని కాదు. పోయిన రెండేళ్ళను తలుచుకుని ఇప్పుడున్న మూడేళ్ళను పోగొట్టుకోకండి. దసరాకు ఇంటికి వెళ్ళండి, సెలవులు అయిపోగానే తిరిగి రండి.

— ఒక పూర్వ విద్యార్థి, ఎం.ఏ. (ఎకనామిక్స్)