రోజాదారులూ! గ్యాస్ మాత్రకూ ఓ వేళ ఉంది

రంజాన్ నెలలో మన ఇళ్లల్లో తరచూ వినిపించే మాట ఒకటుంది. "గుండెల్లో మంటగా ఉంది, గ్యాస్ మాత్ర ఏదైనా ఉందా?" డబ్బాలో ఏది దొరికితే అది మింగి పడుకుంటాం. మంట తగ్గకపోతే మాత్ర మంచిది కాదంటాం. చాలాసార్లు తప్పు మాత్రది కాదు, మనం వేసుకున్న వేళది.

జీర్ణకోశంలో ఆమ్లాన్ని ఊరించే సూక్ష్మమైన పంపులు ఉన్నాయి. అన్నం తిన్నప్పుడే అవి చురుగ్గా పనిచేస్తాయి. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ వంటి మందులు పనిలో ఉన్న పంపులనే ఆపగలవు. అందుకే భోజనానికి అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి. వాటిని నమలరాదు, నూరరాదు. పూర్తి గుణం కనిపించడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది.

మరి రోజా ఉన్నప్పుడు ఎలా? పొద్దున పరగడుపున వేసుకునేవారు సహరీకి అరగంట ముందు లేచి వేసుకోవచ్చు. లేదా ఖర్జూరం, మంచినీళ్లతో ఇఫ్తార్ చేసి, మాత్ర వేసుకుని, మగ్రిబ్ నమాజు ముగించుకుని, అరగంట తర్వాత భోజనానికి కూర్చోవచ్చు. రెండింటిలో ఏది తగినదో రంజాన్‌కు ముందే డాక్టరును అడిగి తెలుసుకోవాలి.

డైజీన్, జెలూసిల్ వంటివి వేరు. అవి అప్పటికే ఊరిన ఆమ్లాన్ని విరిచేస్తాయి. ఉపశమనం వెంటనే కలుగుతుంది కానీ ఎక్కువసేపు నిలవదు. భోజనమైన గంటకు, లేదా పడుకునే ముందు తీసుకోవాలి. థైరాయిడ్ మాత్రకూ వీటికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. గుండె జబ్బుకు క్లోపిడోగ్రెల్ వాడేవారు డాక్టరుకు చెప్పకుండా ఒమెప్రజోల్ వేసుకోరాదు. ఏ గ్యాస్ మాత్రనైనా ఏళ్ల తరబడి సొంతంగా వాడడం మంచిది కాదు.

మందు ఒక్కటే చాలదు. సహరీ తిని, ఫజర్ నమాజు కాగానే పడుకోవడం మనలో చాలామందికి అలవాటు. కడుపులోని ఆమ్లం గొంతులోకి ఎగదన్నడానికి అదే అదను. తిన్నాక రెండు మూడు గంటలు పడుకోకుండా ఉండాలి. ఆ వీలు లేనివారు సహరీ మితంగా తిని, మంచం తలవైపు కాళ్ల కింద ఆరంగుళాల ఎత్తు పెట్టుకోవాలి. ఇఫ్తార్‌లో మిర్చి బజ్జీలు, సమోసాలు తగ్గించాలి.

ఒక్క హెచ్చరిక. ఛాతీలో బరువు, చెమటలు, ఎడమ చేతికి నొప్పి పాకడం గ్యాస్ అనుకుని మాత్ర మింగి కూర్చుంటే ప్రాణాపాయం. వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. మింగుడుపడకపోవడం, నల్లటి విరేచనం, రక్తపు వాంతి కనిపించినా ఆలస్యం చేయరాదు.

రోగగ్రస్తులు ఆ రోజాలను మరో రోజుల్లో పూర్తిచేసుకునే వెసులుబాటును దివ్యఖురాన్ (2:184, 185) ఇచ్చింది. ఇంట్లో పెద్దలు మొహమాటంతో బాధ దాచుకుంటే, ఆ మాట వారికి ప్రేమగా గుర్తుచేయవలసింది మనమే.