గడీ గోడల్లో మిగిలిన లెక్క

1,50,000 ఎకరాలు. సూర్యాపేట తాలూకా ఎర్రపాడు దేశ్‌ముఖ్ జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కింద ఇంత భూమి ఉండేదని పుచ్చలపల్లి సుందరయ్య తన తెలంగాణ పోరాట చరిత్రలో రాశారు. ఎకరాల్లో చెబితే ఈ అంకె ఒక పట్టాన ఊహకు అందదు. చదరపు కిలోమీటర్లలో 607. ఇవాళ్టి సూర్యాపేట జిల్లా మొత్తం సుమారు 3,600 చదరపు కిలోమీటర్లు. జిల్లాలో ఆరో వంతుకు సరితూగే నేల ఒక్క ఇంటి పేరు మీద ఉండేదన్నమాట.

విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డికి 60 ఊళ్లలో 40,000 ఎకరాలు. నల్గొండ, వరంగల్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో 500 ఎకరాలకు పైబడిన పట్టాదారులు 550 మంది. సాగు భూమిలో నూటికి 60 నుంచి 70 వంతులు వాళ్లవే. ఇవి కమ్యూనిస్టు నాయకుడు చెప్పిన లెక్కలు, నిజమే. అయితే ఆ భూస్వామ్యం ఎంత పెద్దదో చూడాలంటే పుస్తకమే అక్కర్లేదు, ఆ భూముల్ని ఏలిన గడీల్లో పడిపోకుండా మిగిలినవాటి ముందు నిలబడినా చాలు.

దగ్గరికి వెళ్లి చూడండి. రెండు నిలువుల ఎత్తు తలుపు, అందులో మనిషి వంగి దూరాల్సిన చిన్న దిడ్డి తలుపు. నిటారుగా లోపలికి పోయే హక్కు ఎవరిదో, తలవంచుకుని పోవాల్సింది ఎవరో ఆ కట్టడంలోనే ఉంది. లోపల కచేరీ చావడి, ధాన్యం గదులు, మూలల్లో బురుజులు. ఇప్పుడు చాలాచోట్ల దూలాలు పోయాయి, పైకప్పు పడిపోయింది. గోడ సందుల్లో పడిన రావి గింజ మొలిచి, ఆ వేరు డంగు సున్నాన్ని చీల్చుకుంటూ రాయికీ రాయికీ మధ్య దిగుతోంది.

గడీలు ఒక్క రోజులో ఖాళీ కాలేదు. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దొర మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమురయ్య చనిపోయాక మొదలైన పోరు, 1951 అక్టోబరు 21న కమ్యూనిస్టు పార్టీ విరమణ ప్రకటించేదాకా సాగింది. సుందరయ్య లెక్కలో పోరు సాగిన ప్రాంతం 16,000 చదరపు మైళ్లు, 3,000 గ్రామాలు, పంచిన భూమి 10 లక్షల ఎకరాలు, చనిపోయినవాళ్లు 4,000 మంది. 16,000 చదరపు మైళ్లంటే కోటీ రెండు లక్షల ఎకరాలు. అంటే పంచింది ఆ ప్రాంతంలో దాదాపు పదో వంతు. సగటున ఊరికి 333 ఎకరాలు, మూడు ఊళ్లకు నాలుగు ప్రాణాలు. ఈ చివరి సగటు దగ్గర నేను ఆగిపోతాను. మన జిల్లాల్లో ఎర్ర స్తూపం లేని దారి ఎందుకు తక్కువో దీన్ని బట్టే తెలుస్తుంది.

పోరు నడిపిన సంఘం మొదట పెట్టిన భూ పరిమితి 500 ఎకరాలు. తర్వాత 200కు, చివరికి 100 ఎకరాల మెట్ట, 10 ఎకరాల తరికి దించారు. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చాక, ఊరొదిలి పారిపోయిన దొరలు మళ్లీ గడీలకు చేరారు. చాలాచోట్ల పంచిన భూమి వెనక్కి పోయింది. కానీ పాత దర్జా తిరిగి రాలేదు. 1949లో జాగీర్ల రద్దు, 1950లో కౌలుదారీ చట్టం, 1973లో భూ పరిమితి చట్టం వచ్చాయి. ఈ చివరి చట్టం ఐదుగురి కుటుంబానికి తరి అయితే 10 నుంచి 27, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలకు హద్దు గీసింది. 54 ఎకరాల చొప్పున చూసినా లక్షన్నర ఎకరాలు 2,777 కుటుంబాలకు సరిపోతాయి.

మిర్యాలగూడ, కోదాడ వైపు మార్పు ఇంకో దారిలో వచ్చింది. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద వరి పెరిగింది, మిర్యాలగూడ రైసుమిల్లుల పట్నమైంది. డబ్బు మిల్లు దగ్గరికి, హైవే దగ్గరికి పోయాక ఊరి నడుమ గడీని నిలబెట్టుకునే అవసరం వారసులకూ లేకపోయింది.

గడీని గెలిచిన పార్టీ కూడా పలచబడింది. 1952 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ నుంచి రావి నారాయణరెడ్డికి 3 లక్షల 9 వేలకు పైగా ఓట్లొచ్చాయి, నెహ్రూ కంటే ఎక్కువ. అది ద్విసభ్య నియోజకవర్గం, ఓటరుకు రెండు ఓట్లు. నెహ్రూ స్థానమూ అలాంటిదే కాబట్టి ఆ పోలిక నిలుస్తుంది. భీమిరెడ్డి నరసింహారెడ్డి మిర్యాలగూడ నుంచి మూడుసార్లు, 1971, 1984, 1991ల్లో లోక్‌సభకు వెళ్లారు. 2008 పునర్విభజనలో ఆ లోక్‌సభ స్థానమే పోయింది. మిర్యాలగూడ అసెంబ్లీలో సీపీఎం ఆఖరి గెలుపు 2009. 2023లో తెలంగాణలో 19 చోట్ల నిలబడి ఒక్కటీ గెలవలేదు.

ఇన్ని అంకెల్లో ఒకటి మాత్రం ఏ కాగితం మీదా లేదు. గడీ కట్టడానికి ఎన్ని దినాల వెట్టి పట్టింది? కూలి ఇవ్వని పనికి మస్టరు ఉండదు. సున్నం గానుగ తిప్పినవాళ్లు, రాయి మోసినవాళ్లు, బండ్లు తోలినవాళ్లు ఏ దస్త్రంలోనూ లేరు. వాళ్ల పనికి మిగిలిన ఒకే దస్తావేజు ఆ గోడ. దాన్ని కొలవొచ్చు. ఉదాహరణకు 100 మీటర్ల పొడవు, 6 మీటర్ల ఎత్తు, మీటరు మందం ఉన్న గోడ అనుకుందాం: 600 ఘనపు మీటర్లు, బరువు దాదాపు 1,400 టన్నులు. బండికి అర టన్ను చొప్పున 2,800 బండ్లు. ఘనపు మీటరుకు మేస్త్రీ, కూలీలు కలిపి నాలుగు పనిదినాలు వేసుకున్నా 2,400 దినాలు. ఇది ఒక వైపు గోడకే.

‘దొరల కొంప, కూలితే కూలనీ’ అనే మాట ఇక్కడ తరచూ వినిపిస్తుంది. ఆ కోపం న్యాయమైనదే. కానీ కూలేది దొర ఆస్తి ఒక్కటే కాదు, మన తాతల పని లెక్క కూడా. రంగులేసి రిసార్టుగా మార్చినా ఆ లెక్క అంతే గల్లంతవుతుంది. 2017లో తెలంగాణకు వారసత్వ చట్టం వచ్చింది. చాలా గడీలు ప్రైవేటు ఆస్తులు కాబట్టి రక్షణ, మరమ్మతు ఆలస్యం కావచ్చు. కొలతకు మాత్రం టేపు, కెమెరా, యజమాని అనుమతి చాలు. ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు సెలవుల్లో చేయగల పని.

గోడ కొలత ఇంకొన్నాళ్లు ఆగినా పర్వాలేదు, మనుషుల మాట ఆగదు. ఆ పోరులో పాల్గొన్న మల్లు స్వరాజ్యం 2022 మార్చి 19న వెళ్లిపోయారు. 1946లో పదేళ్లున్న పిల్లలకు ఇప్పుడు తొంభై దగ్గర పడుతోంది. ఏ గదిలో కచేరీ నడిచేది, ఏ గదిలో మనుషుల్ని కట్టేసేవారు, గానుగ ఏ చెట్టు కింద తిరిగేది అన్నది టేపు చెప్పదు. ముందు వాళ్ల దగ్గరికి వెళ్లి అడిగి, చెప్పింది చెప్పినట్టు రికార్డు చేయాలి.