పేరు లేని వార్త

పిల్లలూ! ఇంట్లో వార్తాపత్రిక వుంటే ఒకసారి తిరగవెయ్యండి. ఒక పేజీలో చదరంగం పోటీలో నెగ్గిన పిల్లవాడి ఫోటో వుంటుంది. వాడి పేరు, వూరు, చదివే బడి, తల్లిదండ్రుల పేర్లు అన్నీ అచ్చు వేస్తారు. ఇంకో పేజీలో ఒక మూల చిన్న వార్త వుంటుంది: హోటల్లో పని చేస్తున్న పన్నెండేళ్ళ బాలుణ్ణి అధికారులు విడిపించారని. ఆ బాలుడి పేరేమిటో, ఎవరి అబ్బాయో రాయరు. ఫోటో వేసినా ముఖం మసక చేస్తారు.

విలేఖరికి ఆ పేరు తెలియక కాదు. తెలిసే రాయడు. ఎందుకంటారు?

ఒక వూళ్ళో ఒక కుర్రవాడు దుకాణంలో చేతి గడియారం దొంగిలించి పట్టుపడ్డాడనుకోండి. మర్నాడు పత్రికలో వాడి పేరూ, ఫోటో పడ్డాయి. ఆ మర్నాటికి ఆ పత్రిక పకోడీల పొట్లమైపోయింది. అచ్చు వేసినవాళ్ళు ఆ సంగతే మరిచిపోయారు. కాని బడిలో అందరూ వాణ్ణి ‘‘గడియారం’’ అని పిలవసాగారు. ఎవరి పెన్సిలు పోయినా ముందు వాడి సంచీయే వెతికేవారు. వాడు చేసిన తప్పుకు సిగ్గుపడ్డాడు, మళ్ళీ ఏనాడూ పరుల సొమ్ము ముట్టలేదు. అయినా ఏం లాభం? చివరకు బడికి వెళ్ళటమే మానేశాడు.

తప్పు ఒక్క రోజుది, పేరు జీవితమంతా వుండేది. ఇప్పుడైతే పత్రిక పొట్లం కావటం కూడా లేదు. ఫోనులో పడ్డ వార్త పదేళ్ళ తరువాత వెతికినా దొరుకుతుంది. ఆ కుర్రవాడు పెద్దవాడై ఉద్యోగానికి వెళితే, అది వాడికన్న ముందే అక్కడికి చేరి కూర్చుంటుంది.

తప్పు చేసినవాడి సంగతే ఇలా వుంటే, ఏ తప్పూ చెయ్యకుండా ఇతరుల చేతిలో బాధపడిన పిల్లల మాటేమిటి? పడ్డ బాధ చాలక, వీధిలోకి వస్తే అందరూ తమనే చూపి గుసగుసలాడటం కూడా వాళ్ళు భరించాలా?

అందుకే చట్టం అడ్డు నిలబడింది. 1960లో మన కేంద్ర ప్రభుత్వం చేసిన బాలల చట్టంలోనే, విచారణకు వచ్చిన పిల్లల పేర్లు పత్రికలలో వెయ్యరాదని వున్నది. 1989లో ఐక్యరాజ్య సమితి బాలల హక్కుల ఒడంబడికను ఆమోదించింది. పిల్లల సొంత విషయాలలో ఎవరూ అన్యాయంగా జోక్యం చేసుకోరాదనీ, వారి పరువుకు భంగం కలిగించరాదనీ అందులో 16వ అధికరణం చెబుతుంది. 1992లో మన దేశం ఆ ఒడంబడికలో చేరింది. ఇప్పుడు అమలులో వున్నది 2015 నాటి బాలల న్యాయ చట్టం. దాని 74వ సెక్షను ప్రకారం, నేరారోపణ వచ్చిన పిల్లలనూ, నేరానికి గురి అయిన పిల్లలనూ, సాక్ష్యం చెప్పిన పిల్లలనూ, ఆదరణ అవసరమైన పిల్లలనూ గుర్తుపట్టేలా వార్త ఇవ్వకూడదు. ఇచ్చినవారికి 6 నెలల దాకా జైలు గాని, 2 లక్షల రూపాయల దాకా జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు.

‘‘గుర్తుపట్టేలా’’ అన్న మాట జాగ్రత్తగా చూడండి. పేరు ఒక్కటీ దాస్తే చాలదు. ఈ వార్త చదవండి: ‘‘వూరి చివర రావిచెట్టు పక్కన సైకిలు షాపు యజమాని రెండో కొడుకు, ఏడో తరగతి విద్యార్థి.’’ ఇందులో పేరు ఎక్కడా లేదు. కాని ఆ వూళ్ళో వాడెవడో తెలియనివారు వుంటారా? ఇది పొడుపుకథ విప్పటం లాంటిది. ఒక్కొక్క ముక్క విడిగా చూస్తే ఏమీ చెప్పదు, అన్నీ కలిస్తే అంతా చెప్పేస్తుంది. అందుకే మంచి విలేఖరి పేరుతో పాటు వీధి, బడి, తండ్రి వృత్తి కూడా వదిలేస్తాడు. ఫోటోలో ముఖం మసక చేసి, చొక్కా మీద బడి పేరు వదిలేస్తే ఏం ప్రయోజనం?

మీలో ఎవరికైనా సందేహం రావచ్చు: ‘‘మరి తప్పిపోయిన పిల్లల ఫోటోలు వేస్తారు గదా?’’ అని. వేస్తారు, వెయ్యాలి కూడా. అప్పుడు ఆ ఫోటో పిల్లవాణ్ణి ఇల్లు చేరుస్తుంది. ఎప్పుడూ వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: దీనివల్ల ఆ పిల్లవాడికి మేలా, కీడా? పిల్లవాడు ఇల్లు చేరాక ఆ ఫోటో వూరంతా తిరగవలసిన పని లేదు.

ఫోటో తీసేముందు అడగటం కూడా ముఖ్యమే. 1984లో అఫ్ఘనిస్తాన్‌లో యుద్ధం జరుగుతుండగా, పాకిస్తాన్‌లో పెషావరు దగ్గర శరణార్థుల శిబిరంలో ఒక బాలికకు స్టీవ్ మెకర్రీ అనే ఆయన ఫోటో తీశాడు. 1985 జూన్‌లో అది ‘నేషనల్ జియోగ్రాఫిక్’ పత్రిక ముఖచిత్రంగా వచ్చింది. ఆ ఆకుపచ్చని కళ్ళు ప్రపంచమంతా చూసింది. శరణార్థుల కష్టాలు దూరదేశాలవారికి తెలిశాయి. అది మేలే. కాని ఆమె పేరు ఎవరూ రాసుకోలేదు. 2002లో మళ్ళీ వెతికి పట్టుకున్నారు. ఆమె పేరు షర్బత్ గులా. అంతవరకు ఆమె ఆ ఫోటో చూడనే లేదు! ఎవరో కొత్త మనిషి తన ఫోటో తీసినందుకు ఆనాడు కోపం వచ్చిందని ఆమె చెప్పింది. లోకానికంతటికీ తెలిసిన ముఖం, ఆ ముఖం గల పిల్లకు మాత్రం ఏమీ తెలియదు!

పిల్లల గురించి అసలు రాయకూడదని దీని అర్థం కాదు. పిల్లలు పనిలో మగ్గుతున్నారనీ, బడికి దూరమయ్యారనీ రాయకపోతే వారిని విడిపించేది ఎవరు? తమ మాట చెప్పుకునే హక్కు కూడా ఆ ఒడంబడికలోనే వుంది. ఢిల్లీలో వీధి పిల్లలూ, పని చేసే పిల్లలూ కలిసి 2003లో ‘బాలక్‌నామా’ అనే పత్రిక ప్రారంభించారు. వార్తలు సేకరించేది పిల్లలే. తమ సంగతి ఎంతవరకు చెప్పాలో వారికన్న బాగా తెలిసినవారెవరు?

ఇక మన సంగతి. ఈ రోజులలో ఫోను పట్టుకున్న ప్రతివాడూ విలేఖరే. బడిలో ఎవడో పరీక్ష తప్పి ఏడుస్తాడు. ఎవరో వీడియో తీస్తారు. పది మందికి పంపుతారు. ‘‘అయ్యో పాపం’’ అంటూ పెద్దలు కూడా మరో పది మందికి పంపుతారు. అమ్మలారా, నాన్నలారా! మీ పిల్లల ఫోటో పెట్టేటప్పుడు కూడా ఒక్కసారి వాళ్ళను అడగండి. పిల్లలూ, మీకు ఇష్టం లేకపోతే ‘‘వద్దు’’ అని చెప్పండి. అది పెంకితనం కాదు. ఎదుటివారు ‘‘వద్దు’’ అంటే మీరూ ఫోను దించండి.

కాలు జారితే తీసుకోవచ్చు గాని, నోరు జారితే తీసుకోలేమంటారు పెద్దలు. ఫోటో జారినా అంతే. ఈసారి పత్రికలో పేరు లేని వార్త కనిపిస్తే, ‘‘వాడెవడో’’ అని కూపీ లాగకండి. ఆ పిల్లవాడు రేపు పొద్దున మీ పక్క బల్ల మీదే వచ్చి కూర్చోవచ్చు. కాస్త జరిగి చోటివ్వండి.