సైరన్ అందరికీ... కదలిక కొందరికే

హార్మోన్ల పాఠం వచ్చిందంటే గ్రంథుల పేర్లు, అవి విడుదల చేసే హార్మోన్ల పేర్లు పిల్లలు గడగడా అప్పజెప్పేస్తారు. ఒక్క ప్రశ్న వేసి చూడండి: "హార్మోన్ రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది కదా, మరి కొన్ని కణాల మీదే ఎందుకు పనిచేస్తుంది?" చాలామంది అక్కడ ఆగిపోతారు.

పాశమైలారంలో షిఫ్టు సైరన్ మోగితే చుట్టుపక్కల అందరికీ వినిపిస్తుంది. గేటు వైపు నడిచేది ఆ షిఫ్టు వాళ్లే. హార్మోన్ సంగతీ అంతే. దాన్ని అందుకునే ప్రత్యేక ప్రోటీన్ ఉన్న కణమే స్పందిస్తుంది. ఆ ప్రోటీన్ పేరే గ్రాహకం, అంటే రిసెప్టర్. ఈస్ట్రోజెన్, టెస్టోస్టెరాన్ కొవ్వులో కరుగుతాయి కాబట్టి కణంలోకి దూరిపోగలవు. వాటి గ్రాహకాలు ముఖ్యంగా లోపలే ఉంటాయి. ఇన్సులిన్ అలా దూరలేదు. దాని గ్రాహకం కణం పొర మీద ఉంటుంది.

ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లకు ఇక్కడొక మాట. టైప్ 2 మధుమేహం మొదట్లో చాలామందికి ఇన్సులిన్ కొరత ఉండదు. గ్రాహకం అందుకున్న కబురే కణం లోపల సరిగా ముందుకు సాగదు. పనిచేస్తున్న కండరం మాత్రం ఇన్సులిన్ కబురు లేకుండానే చక్కెరను తీసుకోగలదు. డాక్టర్లు నడవమనేది ఊరికే కాదు.

వృద్ధి కారకాలు, అదే గ్రోత్ ఫ్యాక్టర్లు, ఇంకా ఆసక్తికరం. వేలు తెగితే చర్మం మళ్లీ పూడుకోవడంలో వీటి పాత్ర పెద్దది. వీటిని కనుగొన్నందుకు స్టాన్లీ కోహెన్, రీటా లెవీ-మోంటాల్చినీలకు 1986లో నోబెల్ వచ్చింది. వృద్ధి కారకం వచ్చి తగలగానే పొర మీది రెండు గ్రాహకాలు జతకడతాయి. లోపలి వైపున్న వాటి తోకలు ఒకదానికొకటి ఫాస్ఫేట్ అంటిస్తాయి. అక్కడి నుంచి కబురు చేతులు మారుతూ కేంద్రకానికి చేరుతుంది: "విభజన చెందు". పని కాగానే కణం ఆ గ్రాహకాన్ని లోపలికి లాగేసుకుంటుంది, సైరన్ ఆగుతుంది. కొన్ని క్యాన్సర్లలో అది ఆగదు.

కణితికి రక్తం కూడా కావాలి. అందుకే అది వీఈజీఎఫ్ అనే వృద్ధి కారకాన్ని వదిలి, కొత్త రక్తనాళాలను తనవైపు రప్పించుకుంటుంది. సొరాఫెనిబ్ అనే మాత్ర ఆ గ్రాహకం లోపలి భాగంలో కూర్చుని ఫాస్ఫేట్ అంటకుండా చేస్తుంది. పటాన్‌చెరు, బొల్లారం మందుల కంపెనీల్లో పనిచేసేవారు కొందరు ఈ పేరు వినే ఉంటారు. బేయర్ కంపెనీ ఈ మందును నెలకు సుమారు 2.80 లక్షల రూపాయలకు అమ్మేది. 2012 మార్చిలో మన హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మాకు, పేటెంట్ ఉండగానే తయారు చేసుకునేలా దేశంలోనే తొలి కంపల్సరీ లైసెన్సు దక్కింది. ధర నెలకు 8,880 రూపాయలు దాటకూడదన్నారు. బేయర్‌కు 6 శాతం రాయల్టీ. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లినా 2014 డిసెంబరులో లైసెన్సే నిలిచింది.

ధర తగ్గింది కానీ, ఇది జబ్బును పూర్తిగా నయం చేసే మందు కాదు. 2008లో ఫలితాలు వెలువడిన అంతర్జాతీయ పరీక్షలో, ముదిరిన కాలేయ క్యాన్సర్ రోగుల మధ్యస్థ ఆయుష్షు మందు లేనివారిలో 7.9 నెలలు, వాడినవారిలో 10.7 నెలలు. ఒక గ్రాహకం దారి మూసేస్తే కణితి మరో గ్రాహకం దారి పట్టుకోగలదు.