ఊరి క్యాను నీళ్లు: అపోహలు – వాస్తవాలు

ఇరవై లీటర్ల క్యాను లేని ఆఫీసు, కూల్ క్యాన్లు దిగని పెళ్లి పందిరి ఇప్పుడు తెలుగు నాట వెతికినా కనబడవు. ఒకచోట టిన్ను అంటారు, ఇంకోచోట ఫిల్టర్ నీళ్లంటారు. ఎక్కువ మంది తాగేది మాత్రం పెద్ద కంపెనీ సీసా నీళ్లు కావు, వీధి చివరి ఆర్‌ఓ ప్లాంటులో పట్టిన నీళ్లు. అందుకే 2024 అక్టోబరు 17న కేంద్రం ప్యాకేజ్డ్ తాగునీటికి ఐఎస్‌ఐ ముద్ర తప్పనిసరన్న నిబంధనను తొలగించినప్పుడు రెండు రకాల మాటలు వినిపించాయి. చిన్న ప్లాంట్లు బతికి బట్టకడతాయన్నారు కొందరు. జనం ప్రాణాలను గాలికొదిలేశారన్నారు మరికొందరు. ఏం సడలింది, ఏం సడలలేదు, మన ఇంటికొచ్చే క్యానుతో దానికి ఎంత సంబంధం ఉందన్నది తెలిస్తే ఈ రెండు మాటల్లోనూ సగమే నిజమని అర్థమవుతుంది.

అపోహ: ముద్ర అక్కర్లేదన్నారు కాబట్టి ఇక ఎవరైనా, ఎలాగైనా నీళ్లు నింపి అమ్ముకోవచ్చు.

వాస్తవం: 2001 నుంచి సీలు చేసిన తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ, అంటే బీఐఎస్, ధ్రువీకరణ, అదే ఐఎస్‌ఐ ముద్ర, తప్పనిసరిగా ఉండేది. దానికి తోడు ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సూ కావాలి. ఒకే నీటికి రెండు కార్యాలయాలు, రెండు తనిఖీలు, రెండు రుసుములు. సడలించింది ఈ జంట భారంలో ఒకదాన్నే. ఐఎస్‌ఐ ముద్ర ఇప్పుడు ఐచ్ఛికం. ఆహార లైసెన్సు, నీటి నాణ్యతకు పెట్టిన హద్దులు మాత్రం అలాగే ఉన్నాయి.

పైగా 2024 నవంబరు 29న ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ప్యాకేజ్డ్ తాగునీటినీ, మినరల్ వాటర్‌నూ 'అధిక ప్రమాదం' గల ఆహారాల జాబితాలో చేర్చింది. పాల ఉత్పత్తులు, మాంసం, చేపలు, గుడ్లు ఉన్న జాబితా అది. లైసెన్సు ఇచ్చే ముందు తనిఖీ చేయాలి. కేంద్ర లైసెన్సు ఉన్న తయారీదారులైతే గుర్తింపు పొందిన బయటి సంస్థతో ఏటా ఆడిట్ చేయించుకోవాలి. చిక్కు ఇక్కడే ఉంది. కేంద్ర లైసెన్సు ఉండేది పెద్దవాళ్లకు. వీధి ప్లాంటును చూసే బాధ్యత రాష్ట్ర ఆహార భద్రతాధికారులది. ఆ అధికారి వస్తే తనిఖీ, రాకపోతే లేదు.

అపోహ: ముద్ర ఉన్నన్నాళ్లూ మన క్యాను నీళ్లు భద్రంగా ఉన్నాయి, ఇప్పుడే చెడిపోతాయి.

వాస్తవం: మూత బిగించి, సీలు వేసి, లేబులు అంటించి అమ్మే నీటికి వర్తించిన నిబంధన అది. ఇంటింటికీ ఆటో ట్రాలీలో తిరిగే సీలు లేని క్యానుకూ, మనమే బిందె పట్టుకెళ్లి తెచ్చుకునే నీళ్లకూ ఆ ముద్ర ఎన్నడూ పడలేదు. 'మేం విడి నీళ్లు అమ్ముతున్నాం, ప్యాకింగ్ నీళ్లు కాదు' అన్నది ప్లాంటు యజమానుల పాత వాదన. ఇన్నేళ్లూ చట్టానికీ మన గుక్కకూ మధ్య ఉన్న సందు అదే. కొత్త సడలింపుతో అది పెరగనూ లేదు, పూడనూ లేదు.

ముద్ర ఉన్న నీళ్లయినా పరీక్షించకపోతే ఏమవుతుందో 2003 చెప్పింది. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ ఆ ఏడాది ఫిబ్రవరిలో పేరున్న సీసా నీళ్లలో పురుగుమందుల అవశేషాలున్నాయని బయటపెట్టింది. అప్పటికి ముద్ర తప్పనిసరై రెండేళ్లు కావస్తోంది. ఆ గొడవ తర్వాతే హద్దులు బిగిశాయి. ఒక్కో పురుగుమందు లీటరుకు 0.0001 మిల్లీగ్రాములు, అన్నీ కలిపి 0.0005 మిల్లీగ్రాములు మించకూడదన్నారు. మంచి నీళ్లు తయారుచేసే ఏర్పాటు ప్లాంటులో ఉందని ముద్ర చెబుతుంది. ఇవాళ పొద్దున నింపిన క్యాను సంగతి చెప్పాలంటే మాత్రం పరీక్షే కావాలి.

అపోహ: చిన్న ప్లాంటు అంటేనే నాసిరకం.

వాస్తవం: ఊరివాళ్లే నడుపుకునే నీటి ప్లాంట్లకు తెలుగు నేల మీద మంచి చరిత్రే ఉంది. వరంగల్ కేంద్రంగా పనిచేసే బాలవికాస సంస్థ ఊళ్లలో కమిటీలు వేయించి, జనం వాటా కూడా పెట్టించి శుద్ధి ప్లాంట్లు నిలబెట్టింది. 2014 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మొదలుపెట్టిన ఎన్టీఆర్ సుజల స్రవంతి 20 లీటర్లు 2 రూపాయలకే ఇవ్వాలన్న పథకం. ప్లాంటు బాగుపడటమూ, మూలన పడటమూ దాని పరిమాణాన్ని బట్టి జరగదు. నీటిని వడకట్టే పొర మార్చడానికి డబ్బు పక్కన పెట్టారా, ఆపరేటరుకు పని తెలుసా, పాడైతే ఎవరిని పిలవాలో తెలుసా అన్న వాటిమీద ఆధారపడుతుంది.

స్థానిక ప్లాంటుకు ఒక సహజమైన వీలు కూడా ఉంది. నీళ్లు వందల కిలోమీటర్లు లారీలో తిరగవు, నెలల తరబడి గోదాములో నిలవ ఉండవు. యజమాని ఎవరో ఊరందరికీ తెలుసు. పన్ను తగ్గింపు అతనిదాకా చేరిందా అంటే, అంతంతమాత్రమే. 2025 సెప్టెంబరు 22 నుంచి 20 లీటర్ల నీళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి, చిన్న సీసాల మీద 18 నుంచి 5కు దిగింది. జీఎస్టీ పరిధిలోకే రాని ప్లాంటుకు దాంతో ఒరిగేది తక్కువ. అతనికి అసలు బరువు నీటి పరీక్షల ఖర్చు, కార్యాలయాల చుట్టూ తిరిగే రోజులు.

అపోహ: క్యానులో వచ్చేది మినరల్ వాటర్.

వాస్తవం: చట్టం దృష్టిలో సహజ మినరల్ వాటర్ అంటే నేలలోంచి ఖనిజాలతోనే ఊరి వచ్చి, ఆ ఖనిజాలు చెదరకుండా ఊట దగ్గరే సీసాలో పట్టినది. దాని ప్రమాణం ఐఎస్ 13428. మన ప్లాంటు చేసేది దీనికి తలకిందులు. బోరు నీళ్లను పొరల గుండా బలంగా నెట్టి లవణాలను తీసేస్తుంది. అలాంటి నీటి ప్రమాణం ఐఎస్ 14543. లవణాలు మరీ తోడేయకుండా, లేబులు వేసిన నీటిలో లీటరుకు కాల్షియం 10 నుంచి 75 మిల్లీగ్రాములు, మెగ్నీషియం 5 నుంచి 30 మిల్లీగ్రాములు ఉండాలన్న నియమం కూడా తెచ్చారు. వీధి ప్లాంటులో ఈ లెక్క చూసేవాళ్లు అరుదు.

అపోహ: టీడీఎస్ ఎంత తక్కువైతే నీళ్లు అంత శుద్ధి.

వాస్తవం: పెన్నులాంటి మీటరు ముంచి '40 వచ్చింది చూడండి' అని చూపిస్తే చాలామంది అక్కడితో నమ్మేస్తారు. ఆ మీటరు కొలిచేది నీటిలో విద్యుత్తు ఎంత పారుతుందన్నదే. దాన్నిబట్టి కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా వేస్తుంది. బ్యాక్టీరియా దానికి కనబడదు. పురుగుమందు కనబడదు. నైట్రేటు ఎంత, ఫ్లోరైడు ఎంత అని విడదీసి చెప్పదు. టీడీఎస్ 40 ఉన్న నీళ్లలో మలం తాలూకు క్రిములు ఉండొచ్చు. 450 ఉన్న నీళ్లు నిక్షేపంగా తాగదగినవి కావొచ్చు. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా టీడీఎస్‌కు అభ్యంతరమే లేదు. వేరే దిక్కులేని చోట 2,000 దాకా ఒప్పుకున్నారు. నది నీళ్లు శుద్ధి చేసి నల్లాలో ఇచ్చే ఊళ్లో కూడా టీడీఎస్ పేరు చెప్పి ఆర్‌ఓ నీళ్లు అంటగట్టడం వ్యాపారం మాత్రమే.

అపోహ: ప్లాంటు మంచిదైతే క్యానూ మంచిదే.

వాస్తవం: ఎక్కువ చోట్ల నీళ్లు చెడిపోయేది యంత్రంలో కాదు, యంత్రం దాటాక. మున్సిపల్ నీళ్లలో ముక్కుకు తగిలే క్లోరిన్ వాసనను జనం చీదరించుకుంటారు గానీ, దారిలో క్రిమి చేరితే చంపే కాపలా అదే. వినియోగదారు కొళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని ప్రమాణం అడుగుతుంది. ఆర్‌ఓ ప్లాంటులో ఆ క్లోరిన్‌ను ముందే కార్బన్ వడపోతతో తీసేస్తారు, లేకపోతే పొర పాడవుతుంది. చివర్లో అతినీలలోహిత కాంతి పెడతారు, కొందరు ఓజోన్ పంపుతారు. కాంతి ప్రభావం ఆ గొట్టం దాటితే ఉండదు. ఓజోన్ కాసేపట్లో విరిగిపోతుంది. ఆ తర్వాత ఆ నీళ్లకు ఏ రక్షణా లేదు.

ఇప్పుడు క్యాను సంగతి చూడండి. నిన్న ఒక కిరాణా కొట్టులో, మొన్న ఒక కట్టుబడి స్థలంలో ఉండి వచ్చింది. లోపల చెయ్యి పట్టదు. కాసిని నీళ్లు పోసి గిలకరించి, పైన పీచుతో రుద్ది మళ్లీ నింపితే లోపలి గోడకు పట్టిన జిగట పొర అలాగే ఉంటుంది. సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియా పెద్దగా ఆహారం లేని నీళ్లలోనూ అలాంటి పొరల్లో పెరుగుతుంది. అందుకే ప్యాకేజ్డ్ నీటి ప్రమాణం 250 మిల్లీలీటర్లలో ఈ-కోలై గానీ, సూడోమోనాస్ ఏరుగినోసా గానీ ఒక్కటి కూడా ఉండకూడదంటుంది. ఎండలో పెట్టిన క్యానులో పచ్చగా నాచు కనబడితే, అది సరిగా కడగలేదనడానికి సాక్ష్యం. ఇంటికొచ్చాక డిస్పెన్సరును నెలల తరబడి కడగకపోవడం, క్యానులో గ్లాసు ముంచడం మన వంతు తప్పులు.

అపోహ: తాగేది క్యాను నీళ్లే కాబట్టి ఫ్లోరైడు బెడద లేదు. లేదంటే మరిగిస్తే సరి.

వాస్తవం: మన దేశంలో ఫ్లోరోసిస్‌ను తొలిసారి నమోదు చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. పొదిలి, దర్శి ప్రాంతాల ఊళ్లవి ఆ కథలు. నల్గొండ బాధ దేశమంతా విన్నదే. పటిక, సున్నంతో ఫ్లోరైడును తగ్గించే విధానానికి నల్గొండ పేరే పెట్టారు. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే వనరు లేకపోతే 1.5 వరకు అనుమతి.

మరిగిస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడు పోదు. నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలినదాంట్లో దాని పాలు పెరుగుతుంది. ఆర్‌ఓ పొర ఫ్లోరైడును బాగానే ఆపుతుంది, కానీ అరిగిన పొరను ఏళ్ల తరబడి మార్చకపోతే ఆపదు. ఇంకో సంగతి చాలా ఇళ్లలో పట్టించుకోరు. తాగడానికి క్యాను, వంటకు బోరు అని పంచుకుంటారు. అన్నం, పప్పు ఉడికేటప్పుడు పీల్చుకునేది ఆ బోరు నీళ్లనే. ఫ్లోరైడు ఊళ్లో వంట నీళ్లూ తాగే నీళ్లే.

అపోహ: ఎండలో పెట్టిన ఏ ప్లాస్టిక్ సీసా అయినా బిస్‌ఫినాల్‌ను వదులుతుంది.

వాస్తవం: లీటరు సీసాలు చేసే పెట్ ప్లాస్టిక్‌లో బిస్‌ఫినాల్-ఏ వాడరు. అది ఉండేది పాలీకార్బొనేట్‌లో. గట్టిగా, నీలంగా ఉండే పాత 20 లీటర్ల క్యాన్లలో చాలా వరకు దానివే. వేడి తగిలినా, గీతలు పడి పాతబడినా బిస్‌ఫినాల్ ఎక్కువగా ఊరుతుంది. క్యాను అడుగున త్రికోణంలో 1 ఉంటే పెట్. 7 ఉంటే 'ఇతరాలు', పాలీకార్బొనేట్ అందులోకే వస్తుంది. పెట్ అయితే ఏ దిగులూ లేదనీ అనలేం. 2024 జనవరిలో వెలువడిన కొలంబియా విశ్వవిద్యాలయ అధ్యయనం లీటరు సీసా నీళ్లలో సగటున 2 లక్షల 40 వేల ప్లాస్టిక్ రేణువులను లెక్కించింది. వాటి వల్ల ఆరోగ్యానికి ఎంత హాని అన్నది శాస్త్రం ఇంకా తేల్చలేదు. పాత, గీతలు పడ్డ క్యాను వద్దనడానికీ, నీడన పెట్టమనడానికీ అది తేలేదాకా ఆగనక్కర్లేదు.

అపోహ: స్థానిక ప్లాంట్లకు ఎంత సడలిస్తే ఊరికి అంత మేలు.

వాస్తవం: ఆర్‌ఓ ప్లాంటు బోరులోంచి తోడినదంతా క్యానులోకి చేరదు. లవణాలు చిక్కబడ్డ నీళ్లు గణనీయంగా బయటికి పోతాయి. ఇళ్లలోని చిన్న యంత్రాల్లోనైతే లీటరు మంచినీళ్లకు రెండు మూడు లీటర్లు వృథా కావడం మామూలే. ఆ నీళ్లు మురుగు కాలువలోకో, పక్క పొలంలోకో వదిలితే ఊరి నేలకే ఉప్పు, ఫ్లోరైడు తిరిగి చేరుతాయి. వ్యాపారానికి వేసే బోర్ల మీద ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో అదుపు 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టానిది. ముద్ర విషయంలో వచ్చిన సడలింపు దీన్ని తాకదు, తాకకూడదు కూడా.

మరి ఏది సడలించాలి, ఏది బిగించాలి?

చిన్న ప్లాంటుకు ఒకే దరఖాస్తు, ఒకే కార్యాలయం, తక్కువ రుసుము ఉండటం న్యాయం. దానికి బదులుగా అడగాల్సింది తరచు పరీక్ష, ఫలితం అందరికీ కనబడేలా గోడ మీద. ఏడాదికోసారి వచ్చే నివేదికతో ఉపయోగం తక్కువ. పొద్దున నింపిన క్యాను ఒకటి రెండు రోజుల్లో ఖాళీ అవుతుంది. క్రిముల పరీక్ష ఫలితం రావడానికే కనీసం ఒక రోజు పడుతుంది. కాబట్టి వారం వారం చవకగా చేయగలిగే పరీక్షలు కావాలి. హెచ్‌టూఎస్ సీసాలో నీళ్లు పోసి వెచ్చని చోట ఒకటి రెండు రోజులు ఉంచితే చాలు, నల్లబడితే కలుషితమైనట్టే. జల జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు ఇలాంటి కిట్లతో పరీక్షలు నేర్పే ఏర్పాటు ఇప్పటికే ఉంది. నల్లా నీళ్లు చూసే ఆ చేతులకే ప్లాంటు నీళ్లూ, నింపిన క్యానూ చూసే అధికారం ఇస్తే కొత్త యంత్రాంగం పెట్టాల్సిన పని లేదు.

అంతదాకా కొనేవాళ్లు ప్లాంటులో నాలుగు ప్రశ్నలు వేయొచ్చు. ఆహార లైసెన్సు నంబరు ఎక్కడ రాసుంది? పొర చివరిసారి ఎప్పుడు మార్చారు? క్యాన్లు దేంతో కడుగుతున్నారు? క్రిముల పరీక్ష నివేదిక ఏ తేదీది? నాలుగింటికీ తడుముకోకుండా జవాబు చెప్పే యజమాని దగ్గర ముద్ర లేకపోయినా క్యాను తీసుకోవచ్చు. మీటరు ముంచి 40 చూపించి ఊరుకునేవాడి దగ్గర మాత్రం వద్దు.