ఈసీలో కనిపించని ఇల్లు

ఊళ్లో మేడ చరిత్ర కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ తీయిస్తే సగం పని అయిపోతుంది. అదే పల్నాడులో ఏ మాలపల్లెలోనో మాదిగపల్లెలోనో పాత ఇంటికి ఈసీ అడిగితే, తరచుగా లావాదేవీలు లేవనే వస్తుంది. అంటే ఆ ఇల్లు ఎవరిదీ కాదని కాదు. రిజిస్టర్ కాగితం మీద దాన్ని ఎవరూ కొనలేదు, అమ్మలేదు, అంతే. సర్వే రికార్డు చూద్దామన్నా పాత ఊరి ఇళ్ల స్థలమంతా గ్రామకంఠం అని కలిపి రాసి ఉంటుంది. లోపల ఎవరి గోడ ఎక్కడో ఉండదు.

కాబట్టి ట్రంకుపెట్టె అడుగు నుంచి మొదలుపెట్టండి. ఇంటిపన్ను రసీదులు, పాత కరెంటు బిల్లు, స్థలం సర్కారు ఇచ్చిందైతే డి-పట్టా. పన్ను రిజిస్టరు నకలు పంచాయతీని సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. పల్నాడు జిల్లా 2022లోనే ఏర్పడింది, పాత ఫైళ్ల కోసం గుంటూరుకూ అర్జీ పెట్టండి.

వీటికంటే వెనక్కి తీసుకెళ్లగలిగేది చర్చి పుస్తకం. లూథరన్ మిషనరీ హేయర్ 1849లోనే గురజాల చేరాడు. రెవెన్యూవాళ్లు పట్టించుకోని తాతముత్తాతల పేర్లు బాప్తిస్మపు రిజిస్టర్లలో దొరకొచ్చు. అది ఇంటి హక్కును రుజువు చేయదు, కుటుంబం ఆ ఊళ్లో ఎప్పటినుంచి ఉందో చెబుతుంది.

చిక్కూ అక్కడే. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వదు. తాత బాప్తిస్మం మనవడి కుల ధ్రువపత్రం మీదికి వస్తుందన్న భయం ఊరికే పుట్టింది కాదు. ఇంటివాళ్లను అడగకుండా ఆ పేజీ ఫొటో తీయకండి. వాళ్లు ఒప్పుకుని తీసినా, గ్రూపుల్లో పెట్టకండి.