జలపాత యాత్రకు ముందు తెలుసుకోవలసిన మాట: కొత్తనీరు



పాఠశాల సెలవులు వచ్చినప్పుడల్లా మన యువకులు, పిల్లలు కొండకు, జలపాతానికి వెళ్లాలని కోరుతూ ఉంటారు. ఆ కోరిక మంచిదే. రవాంగ్‌కు, సెలయాంగ్‌కు నడుమ, పాత ఈపో రహదారి పక్కనే ఉన్న కాంచింగ్ జలపాతం చిన్న నడకకు అనువైన చోటు. అక్కడ నీరు ఏడు అంచెలుగా దిగుతుంది. కింది అంచెల వరకు మెట్లు ఉన్నాయి. పైకి వెళ్లే కొద్దీ దారి నిటారుగా, జారుడుగా మారుతుంది. కనుక పిల్లలతో, పెద్దలతో వెళ్లేవారు నాలుగవ అంచెతో ఆగడం మేలని మా అభిప్రాయం.

ఇట్టి యాత్రను ఎట్లు సిద్ధపరచుకోవాలో ఈ వ్యాసంలో వివరిస్తున్నాము. తెలుగు మరల నేర్చుకుంటున్నవారి కోసం ముఖ్యమైన మాటలకు అర్థములు కూడా చెప్పుతున్నాము.

కొత్తనీరు అనగా నేమి?

మలయు భాషలో "కెపాలా ఆయిర్" అనే మాట మీరందరూ వినే ఉంటారు. అనగా నీటి తల. కొండపైన గట్టిగా వాన కురిసినప్పుడు వాగులోకి ఒక్కసారిగా దూకి వచ్చే వరదకు అది పేరు. వాగు అంటే కొండలలో పారే చిన్న నది.

మన పూర్వులు వచ్చిన తెలుగు దేశంలో దీనికి దగ్గరి మాట ఒకటి ఉంది. తొలకరి వానలకు గోదావరిలోనూ నాగావళిలోనూ మట్టి కలిసి ఎర్రగా దిగివచ్చే నీటిని "కొత్తనీరు" అంటారు. కొత్తనీరు వచ్చి పాతనీటిని కొట్టుకుపోయినట్లు అనే సామెత అందులో నుండి పుట్టినదే. ఆ సామెతను మనం తరముల మార్పు గురించి వాడుతాము. జలపాతం దగ్గర మాత్రం దాని అర్థం అక్షరాలా నిజం. కొత్తనీరు పాతనీటినే కాక, అందులో నిలిచిన మనిషిని కూడా కొట్టుకుపోతుంది.

ఇది ఎందుకు జరుగుతుంది? మనం స్నానం చేసే చోట ఎండ కాస్తూ ఉండవచ్చు. అదే సమయంలో మన కంటికి కనబడని పై కొండ మీద వాన కురుస్తూ ఉండవచ్చు. ఆ నీరంతా ఇరుకైన లోయలోకి చేరుతుంది. ఒక్కొక్కసారి విరిగిన కొమ్మలు, ఆకులు అడ్డుపడి నీటిని కొంతసేపు ఆపుతాయి. ఆ అడ్డు తెగినప్పుడు నిలిచిన నీరంతా ఒకే అలగా దిగుతుంది. దానికి ముందు మనకు దొరికే వ్యవధి కొద్ది నిమిషములే. ఒక్కొక్కప్పుడు అంతకూడా ఉండదు.

నీరు ఇచ్చే గుర్తులు

తేటగా ఉన్న నీరు హఠాత్తుగా మసకబారడం, లేదా పాలు కలిపిన తేనీటి రంగుకు మారడం. ఆకులు, పుల్లలు ఎక్కువగా కొట్టుకురావడం. నీటిమట్టం కొంచెం పెరగడం, లేదా కారణం లేకుండా తగ్గడం. పైనుండి లారీ వస్తున్నట్లు హోరు వినబడడం. వీటిలో ఏ ఒక్కటి కనబడినా అందరూ వెంటనే ఒడ్డెక్కవలెను.

వాగు వెంట కిందికి పరుగెత్తరాదు, నీరు మనకంటె వేగంగా వస్తుంది. పక్కకు తిరిగి, గట్టు మీదికి ఎక్కవలెను. చెప్పులు, సంచులు, ఫోనులు వదిలివేయవలెను. అవతలి ఒడ్డున చిక్కుకున్నవారు దాటడానికి ప్రయత్నించక, ఎత్తైన చోట కూర్చుని నీరు తగ్గేవరకు వేచి ఉండవలెను. సహాయానికి 999కు ఫోను చేయవచ్చు. అడవిలో సంకేతం అందకపోవచ్చు గనుక, ఏ చోటికి వెళుతున్నారో, ఎన్ని గంటలకు తిరిగి వస్తారో ఇంటిలో ఒకరికి ముందే చెప్పి వెళ్లవలెను.

ఇంకొక ముఖ్య విషయం. భోజనానికి చాప పరచుకునే చోటు, తిరుగుదారి, రెండూ ఒకే ఒడ్డున ఉండవలెను. నీటి నడుమ ఉన్న బండరాయి ఎంత అందంగా ఉన్నా అక్కడ పిల్లలను కూర్చోబెట్టరాదు.

తోట గడియారం

మన తాతలు, అవ్వలు రబ్బరు తోటలలో తెల్లవారకముందే పనికి వెళ్లేవారు. చల్లని వేళలో రబ్బరు పాలు బాగా కారుతాయి, ఎండ ఎక్కిన కొద్దీ తగ్గిపోతాయి. చెట్టు బెరడు తడిసి ఉంటే ఆనాడు గీతపని ఉండదు. కూలి కూడా పోతుంది. అందుచేత వారు లేచిన వెంటనే ఆకాశం వైపు చూసేవారు.

జలపాత యాత్రకు కూడా ఆ గడియారమే సరిపోతుంది. మన పడమటి తీరంలో ఉరుములతో కూడిన వానలు ఎక్కువగా మధ్యాహ్నం తరువాత వస్తాయి. ఏప్రిల్, మే నెలలలోనూ, అక్టోబర్, నవంబర్ నెలలలోనూ ఇవి అధికం. జూన్, జూలై నెలలలో కొంత తక్కువ. ఉదయం 8 గంటలకు నడక మొదలుపెట్టి, 12 గంటలకు నీటిని విడిచి, 1 గంటకు వాహనాల దగ్గరకు చేరవలెను. ముందు రాత్రి పెద్ద వాన కురిసి ఉంటే యాత్రను మరొక రోజుకు మార్చుకొనవలెను. దారిలో ఉరుము వినబడితే అక్కడి నుండే తిరగవలెను. జలపాతం ఎక్కడికీ పోదు.

వెంట తీసుకొనిపోవలసినవి

మనిషికి ఒకటిన్నర లీటరు త్రాగునీరు. వాగునీరు త్రాగరాదు. కాళ్లకు జారని పాదరక్షలు. "అడిదాస్ కంపుంగ్" అని అందరూ ముద్దుగా పిలిచే నల్లని రబ్బరు బూట్లు చవకైనవి, తడిరాళ్ల మీద పట్టు కలవి. తోటలో పనిచేసినవారికి అవి చిరపరిచితములు. జలగల కొరకు పొడవైన మేజోళ్లు, కొంచెం ఉప్పు. జలగ అంటే రక్తం పీల్చే పురుగు, మలయులో పచాట్. చిత్రాన్నమైనా, పెరుగన్నమైనా మూత గట్టి డబ్బాలలో, వీపుసంచి లోపల పెట్టుకొనవలెను. చేతిలో ప్లాస్టిక్ సంచి కనబడితే కాంచింగ్ కోతులు లాగుకొనిపోతాయి.

కాలికి పుండు ఉన్నవారు నీటిలో దిగకపోవడం మంచిది. ఎలుకమూత్రం కలిసిన నీటి వలన లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వచ్చే అవకాశం ఉంది. యాత్ర తరువాత రెండు మూడు వారములలో జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తే జలపాతానికి వెళ్లిన సంగతి వైద్యునికి తప్పక చెప్పవలెను.

అక్కడ చూడవలసిన చెట్టు

కాంచింగ్ అడవిలో "కాపుర్" అనే మహావృక్షములు ఉన్నాయి. తీర్థంలో వేసే పచ్చకర్పూరం పూర్వం ఈ జాతి చెట్ల నుండే లభించేది. నీటిలో దిగని పెద్దలు పిల్లలకు ఈ చెట్టును చూపించి ఆ సంగతి చెప్పగలరు.

చివరి మనవి

ప్రతి జట్టుకు ఇద్దరు పెద్దలు నీటిలో దిగక, ఒడ్డున నిలిచి పైవైపు నీటిని చూస్తూ ఉండవలెను. రంగు మారిన వెంటనే వారు "కొత్తనీరు!" అని గట్టిగా కేక వేయవలెను. ఆ మాట వినగానే ఎవరూ ప్రశ్నించక గట్టెక్కవలెను. బయలుదేరే ముందు వాహనాల దగ్గరే పిల్లలచేత ఆ మాటను మూడుసార్లు పలికించి, గట్టెక్కడం ఒకసారి అభ్యాసం చేయించండి.

అందరూ క్షేమంగా వెళ్లి, క్షేమంగా తిరిగి రావాలని కోరుతూ,

ఆలయ కమిటీ తరఫున